రెండో వైపు చివర

సాగర్ హిల్‌కాలనీ ఇంజనీరు సారు
బదిలీ మీద పోతూ పోతూ
టేపురికార్డరు బాగుచెయ్యమని ఇచ్చి పోయిండు.
లోపట ఒక క్యాసెట్టు ఇరుక్కుని ఉంది.
ఇటలీ దేశపు పాటల నాటకమంట.
రెండిండ్లకు పడదు. ఈ ఇంటి పిల్ల, ఆ ఇంటి పిలగాడు.
"మాటలుండవా సార్?"
"ఉండవు. అన్నీ పాటలే."
"సచ్చేటప్పుడు గూడనా?"
సారు నవ్విండు. "అప్పుడే ఎక్కువ పాడతారు."

నేను అవుసులోళ్ల బిడ్డను.
మా నాయిన పుస్తెలు అతికిన కుంపటి పక్కన్నే
తగరంతోటి తీగలు అతుకుత.
హాలియ బస్టాండు ఎనక, ఎరువుల దుకాణం సందుల
రేకుల డబ్బా నాది.
ఆ పాట పెడితే
యూరియా బస్తాల మీద కూసున్నోళ్లు
"గదేందిర, ఆవు ఈనుతున్నట్టు" అని నవ్వేటోళ్లు.
అండాలు ఒక్కతే నవ్వలే.
"ఆమెకేమైంది?" అని అడిగింది,
పాడే మనిషి పక్కింట్ల ఉన్నట్టు.

ఊట్కూరోళ్ల అండాలు.
నక్కలపల్లోళ్ల జానయ్య.
ఎడమ కాల్వ మూడో తూము కాడ, వారబందీ నాడు,
ఎవని పార ఎవని నెత్తిన పడ్డదో
అప్పటికి వీళ్లిద్దరు పుట్టనే లేదు.
పుట్టినంక తెల్సింది,
తూముకు అవతలి మనిషిని సూసి నవ్వొద్దని.

చిట్టీలు దొరుకుతయి.
చదివి పెట్టెటోళ్లు ఊరంత ఉన్నరు.
అందుకే జానయ్య నా కాడికొచ్చి
"ఆ ఆవు పాట చివర ఏమన్న ఖాళీ ఉందానే?" అన్నడు.
రెండో వైపు చివర నాలుగు నిమిషాలుంది.
ఎవ్వడూ అంత దూరం ఇనడు.
అది వాని లెక్క. సరైన లెక్కనే.
కాని ఆమె వాని గొంతు కాడికి పోవాలంటే
ఆ పరాయి పిల్ల సావంతా దాటుకుంట పోవాలె.
ముందుకు తిప్పుతనన్నా ఒప్పకపోయేది.
"ఉండనీ అన్న. పాపం, అయిపోనీ."

నేను బయటికి పోయి బీడీ ముట్టించేటోన్ని.
వాళ్లు నన్ను పుస్తె అడగలే, సాక్ష్యం అడగలే.
నాలుగు నిమిషాలు బయట నిలబడమన్నరు, గంతే.

ఆ బేస్తారం పొద్దుగాల
జానయ్య మాట పెట్టి పోయిండు.
నేను బెల్టులు తెద్దామని మిర్యాలగూడ పోయిన.
మాపటికల్లా వస్తననుకున్న.
వచ్చేటప్పుడు నిడమనూరు కాడ బస్సు టైరు పగిలింది.
నేను చెరుకు రసం తాగిన. అది గూడ చెప్పాలె.
నిమ్మకాయ పిండించుకోని
రెండో గిలాస గూడ తాగిన.

ఆమె వచ్చిందంట. రేకు తలుపు కొట్టిందంట.
ఎరువుల గుమాస్త
"రేపు రాపో" అన్నడంట.

తెల్లారి తూము కాడ
వాని చెప్పు ఒక్కటే దొరికింది, బురదల, బోర్లా.
ఆమెవి రెండూ దొరికినయి,
గట్టు మీద, జతగా,
ఇంట్లకు పొయ్యేటోళ్లు గడప ముందర ఇడిసినట్టు.

తాళం తీసి ఇన్న.
ఇటలీ పిల్ల సచ్చెదాక ఇన్న.
ఆ తర్వాత గరగర. ఆ తర్వాత వాడు.
"రాత్రికి తూము కాడికి రాకు.
మావోళ్లకు తెల్సింది. ఆగు, నేనే వస్త."

ఆమెకు పాడి పాడి సావనిచ్చిన్రు.
వీనికి తొమ్మిది మాటలు.
మరి నువ్వెందుకు పోయినవ్‌ర జానయ్యా?
మూసి ఉన్న నా తలుపు
నువ్వు గూడ సూసినవా?

ఆకరుకు రెండిండ్ల పెద్దలు
శవాల మీద చేతులు గలుపుతరని సారు చెప్పిండు.
ఈడ గలుపలే.
ఇప్పుడా తూముకు రెండు తాళాలు.

మొన్న సారు వచ్చిండు,
రిటైరైండు, తల తెల్లగైంది.
"బాగైందా నా టేపు?"
అది బల్ల కింద ఉంది, గుడ్డ సుట్టి.
మీట నొక్కితే ఇప్పటికీ పాడుతది.

"కాలే సార్" అన్న.
"బెల్టు దొరుకుత లేదు."